సర్పంచ్ స్వామి దీక్ష

ఒకటో రోజు

రోజూ రాయాలట. మోకాళ్ళు ఎలా ఉన్నాయి, నడుము ఎలా ఉంది, మెట్లెక్కితే ఆయాసం వచ్చిందా. అంతరిక్షంలో తిరిగే ఈ చక్రం మీదికి ఎముకల సెలవుకి వచ్చినవాళ్ళందరూ ఇవన్నీ రాసి డాక్టర్ షమీమ్ గారికి చూపించాలి. రాస్తున్నాను డాక్టర్ గారూ. మోకాళ్ళు ఉన్నాయి. నడుమనేది ఒకటుందని ఇవాళే తెలిసింది.

యాభై దాటినవాళ్ళు రెండేళ్ళకోసారి చంద్రుడి మీంచి ఇక్కడికి వచ్చి, పదిహేను రోజుల పాటు భూమ్మీది మనిషంత బరువు మోయాలని రూలు. లేకపోతే మా ఎముకలు అప్పడాలైపోతాయట. మా ఆయన గురుమూర్తికి మాత్రం ఇది పండగే. సాంబారు గరిట మీంచి ఎగిరిపోకుండా గిన్నెలో బుద్ధిగా కూర్చుంటోందని మురిసిపోతున్నాడు. బంతి పైకి విసరడం, అది టపీమని కిందపడితే చప్పట్లు కొట్టడం. అరవై ఏళ్ళ మనిషి!

నేను మంచం మీద కూర్చుని మణికట్టు పట్టీ కేసి చూసుకుంటున్నాను. అక్కడ మూడు అంకెలు కనిపిస్తాయి. మా తొట్టి వేడి, మా తొట్టి ఉప్పు, మా తొట్టి మురికి.

మా ఇంట్లో ఉప్పునీళ్ళ తొట్టి ఉంది. చంద్రుడి మీది మా కొత్త భీమిలి ఊరు మొత్తానికీ సముద్రమంటే అదే. అందులో ఇద్దరుంటారు. ఒకడు సర్పంచ్, వేలెడంత చేప. పొద్దస్తమానం గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళని చూడటమే పని. రెండోవాడు మేస్త్రి, రొయ్య. వాడికి కళ్ళు సరిగ్గా కనపడవు. ఇసకలో ఇద్దరికీ ఇల్లు తవ్వుతూనే ఉంటాడు. బయటికొచ్చినప్పుడు ఒక మీసం సర్పంచ్ వీపు మీద ఆనించి ఉంచుతాడు. సర్పంచ్ తోక కదిపితే ప్రమాదమని అర్థం, మేస్త్రి లోపలికి దూరిపోతాడు. సర్పంచ్ లేకపోతే వాడు బయటికి రాడు, తిండి తినడు. అంటే ఒకడు పోతే ఇద్దరూ పోయినట్టే. వీళ్ళకోసం అనుమతి పెట్టుకుని తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. వీళ్ళకేమైనా అయితే ఇంకోసారి ఇవ్వరు. ఇచ్చినా, ఇంకో తొమ్మిదేళ్ళకి నేనుండాలి కదా.

తొట్టికి చెయ్యవలసిందంతా చేసే వచ్చాను. రోజుకో చిటికెడు మేత రాల్చే డబ్బా పెట్టాను. ఆవిరైపోయిన నీళ్ళ బదులు మంచినీళ్ళు బొట్లు బొట్లుగా పడే గొట్టం పెట్టాను. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. అసలు చెయ్యకూడదు.

రెండో రోజు

మోకాళ్ళు: ఉన్నాయి.

అంకెలు మూడూ బాగానే ఉన్నాయి. అయినా మనసు ఊరుకోదు కదా. ఇంటి లైను రోజుకి ఒక్కసారే ఇస్తారు. ఆ ఒక్కసారీ ఎదురింటి నూకరత్నానికి చేశాను. మా తలుపు మేము పేరు చెప్పినవాళ్ళకే తెరుచుకుంటుంది. ఆవిడ పేరు చేర్చాను.

"నూకరత్నం, ఒక్కసారి లోపలికెళ్ళి ఇద్దరూ కనపడుతున్నారో లేదో చూసి వచ్చెయ్. అంతే."

"నువ్వేటీ బెంగెట్టుకోకు వదినా. నానున్నాను కదా."

"మేత మాత్రం వెయ్యొద్దు. డబ్బా వేస్తుంది."

"సర్లే సర్లే."

ఒక్క సర్లే అని ఉంటే నమ్మేదాన్ని.

నాలుగో రోజు

మురికి అంకె పెరిగింది. మూడేళ్ళలో అది సున్నా దాటడం ఇదే మొదటిసారి. తొట్టిలో మిగిలిపోయిన మేత కుళ్ళుతుంది, కుళ్ళితే నీళ్ళు విషమవుతాయి. అంకె పెరిగిందంటే ఎవరో మేత వేశారన్నమాట. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు.

"డబ్బా ఏటి వదినా, నాలుగు పలుకులు రాల్చీసి ఊరుకుంటంది. అది ముద్ద పెట్టినట్టేటి?" అంది నూకరత్నం.

"నువ్వు వేశావా?"

"చిటికెడేసినాను."

ఆవిడ చిటికెడంటే ఎంతో నాకు తెలుసు. మా ఇళ్ళ వరస మొత్తానికి ఊరగాయ కలిపే చెయ్యి అది.

మా వరసలో ఒక పద్ధతుంది డాక్టర్ గారూ, మీరు చక్రం మీద పుట్టి పెరిగినవారు కాబట్టి చెప్తున్నాను. తాళం పడిన ఇంట్లో నోళ్ళుంటే అవి వరస నోళ్ళే. మొదటి తరంవాళ్ళు నెలల తరబడి గనుల్లోకి దిగినప్పుడు మొదలైందిది. మా అమ్మ అలా దిగినప్పుడు నాకు ఏడేళ్ళు. ఒక్క పూటైనా ఆకలంటే ఏమిటో తెలియలేదు. పైగా ఒకే పూట మూడిళ్ళవాళ్ళూ పెట్టేవారు, రాత్రి కడుపు పట్టుకుని దొర్లేదాన్ని. ఆ మూడిళ్ళలో ఒకటి నూకరత్నం వాళ్ళ అమ్మది. ఇంక ఆవిడని తిట్టడానికి నాకు నోరెలా వస్తుంది?

మెల్లిగానే చెప్పాను. వద్దన్నాను. నిజంగానే వద్దన్నాను. మూడోసారి కూడా వద్దన్నాను.

"నీకెప్పుడూ మొగమాటమే వదినా. మా ఇంటికొచ్చినా ఇలాగే వద్దొద్దంటావు," అని నవ్వి పెట్టేసింది.

ఐదో రోజు

నడుము: అడక్కండి.

ఒక ఉపాయం ఆలోచించాను. నీళ్ళ సెక్షన్లో పనిచేసే సింహాద్రి మా వరసలోనే ఉంటాడు, నన్ను పిన్నీ అంటాడు. నెమ్మదస్తుడు, ఊరంతా తాగే నీళ్ళు అతని చేతి మీదుగానే వస్తాయి. తలుపుకి అతని పేరు చేర్చి, నూకరత్నం మేత వెయ్యకుండా చూడమన్నాను. నువ్వేమీ చెయ్యకు, ఊరికే నిలబడు అన్నాను.

"ఆవిడకి కాపలాగా అతను. మరి అతనికి కాపలా ఎవరు?" అన్నాడు గురుమూర్తి, బంతి ఎగరేస్తూ.

బంతి లాక్కున్నాను. బరువుగానే ఉంది.

ఆరో రోజు

ఈసారి ఉప్పు అంకె కూడా పెరిగింది.

"పిన్నీ, నువ్వొకటి మర్చిపోనావు," అన్నాడు సింహాద్రి, నాకేదో మేలు చేసినవాడిలా. "ఉప్పు తొట్లోకి మంచినీళ్ళు పడిపోతన్నాయి. సూసి నా గుండె ఆగిపోనాది. గొట్టం తీసీసి ఉప్పునీళ్ళకి కలిపీసినాను."

"ఒరేయ్, ఆవిరయ్యేది నీళ్ళురా! ఉప్పు ఆవిరవుతుందా? అది తొట్టిలోనే ఉంటుంది. మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

ఈ మనిషి కలిపిన నీళ్ళు తాగే మేము ఇన్నేళ్ళూ బతికామా అనిపించింది.

"అవును కదా పిన్నీ," అన్నాడు.

"మేత కూడా వేశావా?"

"లేదు... అంటే నన్ను సూసి నోరు తెరిసింది పిన్నీ. మళ్ళీ మూసింది. మళ్ళీ తెరిసింది. ఎంత ఆకలో మరి. సూస్తూ ఊరుకోలేకపోనాను."

"చేపలు ఊపిరి పీల్చుకునేదే అలాగరా!"

గొట్టం మళ్ళీ మంచినీళ్ళకి పెట్టించాను. పెట్టాననే చెప్పాడు. మురికి అంకె ఎర్రరంగులోకి మారింది.

ఏడో రోజు

నిన్న సింహాద్రి చేత తొట్టి ఎదురుగా ఒక కెమెరా పెట్టించాను. ఇవాళ అది తెరిస్తే తొట్టి ముందు కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని అప్పలస్వామి మాస్టారు కనిపించారు. వరసలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆయన పేరు తలుపుకి నేను చేర్చలేదు.

గురుమూర్తి నెమ్మదిగా మంచం అవతలి వైపుకి జరిగాడు. "నువ్వలా బెంగపడిపోతుంటే చూడలేక, పెద్దమనిషి కదా, కాస్త అందర్నీ అదుపులో పెడతారని..."

మాస్టారి ఒళ్ళో మూత తీసిన టిఫిను డబ్బా ఉంది.

"మాస్టారూ, ఆ డబ్బాలో ఏముంది?"

"ఇడ్లీ అమ్మా. చిన్న ముక్కలే. చట్నీ తగలనివ్వలేదు."

"మీరు కూడానా?"

"చూడమ్మా, నూకరత్నం వెయ్యడం నా కళ్ళతో చూశాను. సింహాద్రి వెయ్యడమూ చూశాను. వాళ్ళిద్దరూ పెట్టి, పెద్దవాణ్ణి నేను ఉత్తచేతులతో కూర్చుంటే ఏం బాగుంటుంది?"

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. దేన్ని ముందు రానివ్వాలో తెలియలేదు. నేను పంపిన ప్రతి మనిషీ ఇంకో చిటికెడు. నేను బెంగపడిన ప్రతిసారీ ఇంకో చిటికెడు. తొట్టిని దాని మానాన వదిలేసి ఉంటే ఈపాటికి సర్పంచ్ హాయిగా గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

ఎనిమిదో రోజు

ఇవాళ మోకాళ్ళ గురించి రాయను.

కెమెరాలో సర్పంచ్ గుమ్మంలో లేడు. ఇసక మీద పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. మేస్త్రి సగం బయటికొచ్చి, మీసం వాడి వీపు మీద ఆనించి, అలాగే ఉండిపోయాడు. వాడికేం కనపడదు కదా. తోక ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూస్తున్నాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. గురుమూర్తి బంతి పక్కన పెట్టేసి నా పక్కన కూర్చున్నాడు.

మీ గదికి వచ్చి ఇంటికి పంపించెయ్యమని అడిగాను కదా డాక్టర్ గారూ. పదిహేనో రోజు దాకా ఓడ లేదన్నారు. ఉన్నా నా ఎముకలతో పంపనన్నారు. చేప కోసమా అని మీరు అడిగినప్పుడు నేను చెప్పిన జవాబుకి క్షమించండి. అది కోపంలో అన్న మాట.

తర్వాత క్యాంటీన్‌కి వెళ్ళాను. ఆకలి లేదు. వడ్డించే అమ్మాయి అన్నం పెట్టబోతే వద్దన్నాను, పెట్టింది. చాలన్నాను, ఇంకో గరిట పెట్టింది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పప్పు పోసింది. నా పక్కన మెడలో దీక్ష మాల వేసుకున్నాయన కూర్చున్నాడు. ఆయన దగ్గరికి రాగానే ఆ అమ్మాయి గరిట వెనక్కి తీసుకుంది. "స్వామీ, ఇవాళ ఉపవాసం కదా, మజ్జిగ తెమ్మంటారా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అంతే. రెండోమాట లేదు. చేతులు జోడించి వెళ్ళిపోయింది.

నేను ఆ అన్నం అలాగే వదిలేసి గదికి పరిగెత్తాను. ఇంత బరువుతో పరిగెత్తడం ఇదే మొదటిసారి, రాసుకోండి.

తొమ్మిదో రోజు

ముగ్గుర్నీ తొట్టి ముందుకి రమ్మన్నాను. నేను స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మొహం గంభీరంగా పెట్టుకుని కూర్చున్నాను.

"ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. సర్పంచ్ దీక్ష పట్టాడు."

నూకరత్నం ముక్కు మీద వేలేసుకుంది.

"ఎవరి పేరు మీదమ్మా?" అన్నారు మాస్టారు. ఈ ప్రశ్నకి నేను జవాబు అనుకుని రాలేదు.

"సముద్రం పేరు మీద," అన్నాను. "చేపకి ఇంకెవరుంటారు మాస్టారూ?"

ఆయన ఆలోచించి, తలూపారు. ఇక నాకు ఆపు లేకపోయింది. దీక్షలో ఉన్నన్నాళ్ళూ కటిక ఉపవాసం, పలుకు కూడా పడకూడదు, డబ్బా కూడా తీసెయ్యాలి. అడుగున పడి ఉన్న ఎంగిలి మెతుకంతా గొట్టంతో లాగి పారెయ్యాలి, దీక్షలో ఎంగిలి పనికిరాదు. రోజూ పొద్దున్నే స్నానం చేయించాలి. అంటే ఒక బకెట్టు పాత నీళ్ళు తీసి ఒక బకెట్టు కొత్త ఉప్పునీళ్ళు పొయ్యాలి. ఆ నీళ్ళు ముందురోజే కలిపి, తొట్టి ఎంత వెచ్చగా ఉందో అంత వెచ్చగా పెట్టాలి. ఉప్పు కొలతలో పిసరంత తేడా వచ్చినా దీక్ష భంగమే. పైనుంచి బొట్లుగా పడేది అభిషేకం, అది మంచినీళ్ళే అవ్వాలి. తొట్టిని ముట్టుకునేది సింహాద్రి ఒక్కడే, అదీ చేతులు కడుక్కుని, సబ్బు లేకుండా.

"అలాగే పిన్నీ," అన్నాడు సింహాద్రి. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

లైను కట్టయ్యాక గురుమూర్తి లెంపలు వేసుకున్నాడు. "కళ్ళు పోతాయే నీకు."

"పోనీ. వాడి మొప్పలు ఆడితే చాలు."

తిండి సంగతి భయం లేదు. చేప వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు. వీడైతే పెళ్ళిభోజనాలు తిని ఉన్నాడు.

పదకొండో రోజు

మోకాళ్ళు: పరవాలేదు.

మురికి అంకె దిగుతోంది. నిన్న కొంచెం, ఇవాళ ఇంకొంచెం. ఉప్పు కూడా దారిలోకి వచ్చింది.

కెమెరా తెరిస్తే మా ముందుగది గుర్తుపట్టలేకపోయాను. తొట్టికి కాగితప్పూల దండ. కింద ముగ్గు. నూకరత్నం చేతులు జోడించి నిలబడి ఉంది. సింహాద్రి తడిగుడ్డ కట్టుకుని, బకెట్టు రెండు చేతులా పట్టుకుని, పెళ్ళికొడుకులా అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు. ఉప్పు తూచడానికి ప్రయోగశాల తక్కెడ తెచ్చుకున్నాడట. నీళ్ళు మార్చరా అని నేను మామూలుగా చెప్పి ఉంటే ఆదివారం చూద్దాం పిన్నీ అనేవాడు.

"స్వామివారు ఇవాళ తోక కదిపారమ్మా," అన్నారు మాస్టారు.

స్వామివారు! నాకు నవ్వాగలేదు. దగ్గొచ్చినట్టు నటించాను. ఆ తర్వాత తొట్టిలోకి చూశాను. సర్పంచ్ ఇంకా గుమ్మంలో లేడు గానీ, నిటారుగా ఉన్నాడు. అప్పుడు మళ్ళీ ఏడుపొచ్చింది.

పదమూడో రోజు

మొన్నటి పేజీ తిరిగొచ్చింది. అంచున డాక్టర్ గారి చేతిరాత ఉంది. "దయచేసి మోకాళ్ళ గురించి వివరంగా రాయండి. సర్పంచ్ లేచాడా?"

లేచాడు డాక్టర్ గారూ. ఇవాళ పొద్దున గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రి ఒక గులకరాయి ఎత్తుకొచ్చి వాడి పక్కనే పడేసి, మళ్ళీ లోపలికెళ్ళాడు. మురికి అంకె సున్నా. మోకాళ్ళు కూడా బాగున్నాయి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. దీక్ష విరమణ ఎప్పుడని మాస్టారు అడిగారు. నేనొచ్చాకే అన్నాను. "మంచిది, వరసంతా సిద్ధంగా ఉంటాం," అన్నారు. దీక్ష విరమణ అంటే మా వాళ్ళకి భోజనాలు. మళ్ళీ మొదటికొచ్చింది.

ఇంటికొచ్చాక

ఇంక రాయక్కర్లేదు. అయినా ఇది మీకు పంపిస్తున్నాను, లేకపోతే మీకు నిద్రపట్టదు.

చంద్రుడి మీద దిగగానే ఒళ్ళు దూదిలా అయిపోయింది. గురుమూర్తి బంతి జేబులో పెట్టుకొచ్చాడు. ఇక్కడ విసిరితే కప్పుకి తగిలి ఎప్పటికో దిగింది, మొహం వేలాడేసుకున్నాడు.

వరస మొదట్లోకి వచ్చేసరికే వాసన. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. పులిహోర, బూరెలు, ఎవరింట్లోనో గారెలు కూడా. వాళ్ళంతా మా వెనకాలే నడిచొచ్చారు. ఇంట్లో తొట్టికి కొత్త దండ వేసి ఉంది. సర్పంచ్ గుమ్మంలో నిలబడి మా అందర్నీ ఎగాదిగా చూస్తున్నాడు. బొద్దుగానే ఉన్నాడు. మేస్త్రి మీసం వాడి వీపు మీద ఉంది. నేను అద్దానికి చెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాను.

వెనక్కి తిరిగేసరికి మాస్టారు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, తొట్టి ముందు వంగి దండం పెట్టబోతున్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"ఆగండి మాస్టారూ," అన్నాను. "దీక్షా లేదు, ఏమీ లేదు. మీరు మేత వేస్తుంటే ఆపలేక అబద్ధం చెప్పాను. అన్నీ నేను కల్పించినవే. తప్పయిపోయింది."

సింహాద్రి కప్పు కేసి చూశాడు. నూకరత్నం పెదాలు బిగబట్టింది, ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమో అని భయపడ్డాను. ఆవిడ ఒక్కసారిగా పకపకా నవ్వేసింది.

"ఒలమ్మా, మాకు తెలదేటి వదినా! సేపకి దీక్షేటి?"

"తెలుసా? మరి ఆ దండలు, ఆ తడిగుడ్డలు?"

"నువ్వు కెమెరాలో సూస్తావు కదేటి! నీకు ధైర్యంగా ఉంటాదని," అన్నాడు సింహాద్రి. "లైను కట్టయ్యాక బట్టలు మార్చీసుకునేవోడిని. సలి పిన్నీ."

నేను కుర్చీలో కూలబడ్డాను. "తెలిసినవాళ్ళు మరి ముందే ఎందుకు ఆపలేదు? ఎన్నిసార్లు వద్దని చెప్పాను!"

నూకరత్నం నవ్వు ఆపి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

"వద్దన్నావనుకో, మొగమాటమనుకున్నాం వదినా. వద్దని ఎవరనరు? పుట్టి బుద్ధెరిగి నువ్వొక్క అబద్ధం ఆడలేదు. ఆ రోజు బొట్టెట్టుకుని కూకుని, మా మొహాలు సూసి అంత అబద్ధమాడినావు సూడు, అప్పుడు తెలిసినాది నీకెంత భయమైందో. అప్పుడే సెయ్యి కట్టేసుకున్నాం."

కళ్ళు తుడుచుకుని లేచి, మేత డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఒక్క చిటికెడే," అన్నాను.

ఆవిడ వేలి కొసతో నాలుగే పలుకులు తీసి నీళ్ళలో రాల్చింది. సర్పంచ్ ఎగిరి అందుకున్నాడు. కింద మేస్త్రి తన వంతు వెతుక్కున్నాడు. వరసంతా ఊపిరి బిగబట్టి చూసింది.

"పాపం, ఇంకో రెండు..." అంటూ సింహాద్రి డబ్బాలోకి చెయ్యి పెట్టబోయాడు. నేను నోరు తెరిచేలోపే నూకరత్నం వాడి చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది.